ధనావేశపు మందులు, మెదడు కొవ్వులు

మార్ఫిన్ నొప్పి తగ్గిస్తుంది. ట్యూబోక్యురారిన్ కండరాలను వదులు చేస్తుంది. పాలిమిక్సిన్ బి, వాంకోమైసిన్ బ్యాక్టీరియాను చంపుతాయి. మాస్టోపరాన్ కందిరీగ విషంలో ఉండే చిన్న పెప్టైడ్. 48/80 అనే పదార్థానికి వైద్యంలో ఏ ఉపయోగమూ లేదు, అది ప్రయోగశాలల కోసమే బతుకుతోంది. పనుల్లో పొంతన లేని ఈ పదార్థాలకు ఒక ఉమ్మడి గుణం ఉంది. ఇవి తగిలితే మాస్ట్ కణాలు తమ రేణువుల్లో నిలవ చేసుకున్న హిస్టమిన్‌ను కొన్ని సెకన్లలో బయట పోసేస్తాయి. వాంకోమైసిన్‌ను సెలైన్‌లో కలిపి తొందరగా ఎక్కిస్తే రోగి ముఖం, మెడ, ఛాతీ పైభాగం ఎర్రబడి దురద పెట్టేది ఇందుకే. కనీసం గంటసేపు నెమ్మదిగా ఎక్కించమని వైద్యులు చెప్పేదీ ఇందుకే. ఇందులో మామూలు అలర్జీని నడిపే ఐజీఈ ప్రతిదేహాల పాత్ర లేదు. ఆ మందు ఒంట్లోకి ఎన్నడూ వెళ్ళని మనిషికి మొదటిసారే ఇలా జరగవచ్చు.

అయితే ఇవి కణంలో దేన్ని పట్టుకుంటాయి? శతాబ్దానికి దగ్గరగా సాగిన ఈ అన్వేషణలో చాలాకాలం పైచేయిగా ఉన్న సమాధానం, కణపొరలోని కొవ్వులు. ఆ కొవ్వులను శాస్త్రజ్ఞులు ఎక్కువగా తెచ్చుకున్నది మెదడు నుంచి, అందులోనూ ఆవు మెదడు నుంచి. తర్వాత ప్రోటీన్ గ్రాహకాలు దొరకడంతో కొవ్వుల మాట పక్కకుపోయింది. నా దృష్టిలో రెండు దశల్లోనూ అతి జరిగింది. కొవ్వుతో జరిగే రసాయన చర్య నిజం, దాన్ని కొలవవచ్చు, తిరిగి చేసి చూపవచ్చు. తేడా వచ్చింది దానికి కట్టబెట్టిన పదవి దగ్గర.

హిస్టమిన్‌ను 1907లో విండాస్, ఫోగ్ట్ ప్రయోగశాలలో తయారుచేశారు. 1910లో డేల్, లైడ్లా దాని శారీరక ప్రభావాలను వివరించారు. అది శరీరంలో సహజంగానే ఉందని 1927లో బెస్ట్, డేల్, డడ్లీ, థార్ప్ తాజా కాలేయం, ఊపిరితిత్తుల నుంచి వేరుచేసి రుజువు చేశారు. ఎక్కడ దాక్కుంటుందన్నది మరో పాతికేళ్ళకు గానీ తేలలేదు.

కొవ్వుల ప్రస్తావన మొదట పాము విషంతో వచ్చింది. నాజీల ఏలుబడిలో జర్మనీ వదిలిన విల్‌హెల్మ్ ఫెల్డ్‌బర్గ్, 1930ల చివర మెల్‌బోర్న్‌లో చార్లెస్ కెల్లవేతో కలిసి పాము విషాలు అవయవాల నుంచి హిస్టమిన్‌ను ఎలా వెళ్ళగొడతాయో పరిశీలించాడు. నాగుపాము విషంలో ఫాస్ఫోలైపేస్ ఎ2 అనే ఎంజైము ఉంటుంది. అప్పట్లో దాన్ని లెసిథినేజ్ అనేవారు. అది కణపొరలోని లెసిథిన్ నుంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని కోసేస్తుంది. మిగిలే లైసోలెసిథిన్ సబ్బులాంటి గుణంతో పొరలను ఛిద్రం చేస్తుంది. హిస్టమిన్ విడుదలకు ఇదే దారి కావచ్చని వాళ్ళు భావించారు. పొర కొవ్వు తెగితే నిలవ బయటపడుతుందన్న ఊహ అక్కడ పుట్టి, తర్వాతి ముప్పయ్యేళ్ళ ఆలోచనను నడిపించింది.

విషాల సంగతి అలా ఉండగా, చాలా సాదా అణువులు కూడా ఇదే పని చేస్తాయని మెకింటాష్, పేటన్ 1949లో చూపారు. పిల్లి నరంలోకి కొన్ని సేంద్రియ క్షారాలను ఎక్కించి చూస్తే రక్తపోటు వెంటనే పడిపోలేదు, కొన్ని సెకన్లు ఆగి పడింది. ఆ ఆలస్యమే వాళ్ళకు ఆధారం. మందు స్వయంగా రక్తనాళాల మీద పనిచేయడం లేదు, మధ్యలో హిస్టమిన్‌ను విడుదల చేయిస్తోంది. వీటిలో డయామిడీన్ల కుటుంబం ముఖ్యమైంది. ఆ కుటుంబానికే చెందిన స్టిల్బమిడిన్‌ను కాలా అజార్ చికిత్సలో వాడేవారు. స్టిల్బమిడిన్‌కు అతినీలలోహిత కాంతిలో మెరిసే గుణముంది. డండీలో జేమ్స్ రైలీ ఆ మెరుపును వెంటాడితే అది మాస్ట్ కణాల్లో కనిపించింది. 1953లో ఆయన, జెఫ్రీ వెస్ట్ కలిసి కణజాలంలోని హిస్టమిన్‌కు నిలయం మాస్ట్ కణమేనని ప్రకటించారు. విడుదల చేయించే మందే హిస్టమిన్ చిరునామా చెప్పిందన్నమాట.

48/80 కూడా ఆ కాలపుదే. పారామెథాక్సీ ఫెనెథైల్ మిథైల్ అమీన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే రెండేసి, మూడేసి, ఇంకా ఎక్కువ యూనిట్లు గొలుసుగా అతుక్కుంటాయి. 48/80 అంటే ఒకే అణువు కాదు, అలాంటి గొలుసుల మిశ్రమం. గొలుసులోని ప్రతి యూనిట్‌లో ఒక నత్రజని ఉంటుంది. శరీరపు పీహెచ్ దగ్గర ఆ నత్రజని ఒక ప్రోటాన్‌ను పట్టుకుని ధనావేశం పొందుతుంది. దాని పక్కనే బెంజీన్ వలయం, మెథాక్సీ గుంపు ఉంటాయి, అవి నూనె స్వభావం గలవి. అంటే అణువులో ఒక భాగం నీటినీ రుణావేశాన్నీ కోరుకుంటే, రెండో భాగం కొవ్వును కోరుకుంటుంది. మార్ఫిన్ అయినా, పాలిమిక్సిన్ అయినా, మాస్టోపరాన్ అయినా కొలతల్లో తేడాలే తప్ప అమరిక ఇదే.

ఈ అమరికకు మెదడు కొవ్వులు సరిజోడీ. నీరు తీసేసి తూస్తే మెదడు బరువులో సగం వరకు కొవ్వు పదార్థమే. ఒంటి బరువులో 2 శాతమే ఉన్న ఈ అవయవంలో శరీరపు కొలెస్టరాల్‌లో ఐదో వంతుకు పైగా ఉంటుంది. కొలెస్టరాల్‌కు ఆవేశం లేదు, లెసిథిన్, స్ఫింగోమైలిన్‌లలో ధన, రుణాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మన కథకు కావలసినవి రుణావేశం మిగిలిన కొవ్వులు. ఫాస్ఫాటిడైల్‌సీరిన్‌లో ఫాస్ఫేటుకు ఒకటి, కార్బాక్సిల్‌కు ఒకటి రుణావేశాలు, అమీన్‌కు ఒక ధనావేశం, మొత్తం మీద ఒక రుణం మిగులుతుంది. మైలిన్ తొడుగులో సమృద్ధిగా ఉండే సల్ఫటైడ్‌కు సల్ఫేటు రుణావేశమిస్తుంది. నాడీకణాల పైపొర మీద నిలిచే గాంగ్లియోసైడ్లకు సియాలిక్ ఆమ్లం ఆ పని చేస్తుంది. ఫాస్ఫాటిడైల్ ఇనాసిటాల్ ఫాస్ఫేట్లు కొంచెమే ఉన్నా వాటి ఆవేశం అన్నిటికన్నా ఎక్కువ.

వీటిని విడివిడిగా గుర్తించడం ఆలస్యంగా జరిగింది. మెదడులోని కెఫాలిన్ అనే కొవ్వు అంతా ఒకే పదార్థమని అంతా అనుకుంటున్న రోజుల్లో, బార్సిలోనా నుంచి అమెరికా వెళ్ళిన జోర్డి ఫోల్క్ 1942లో దాన్ని విడగొట్టి అందులో ఫాస్ఫాటిడైల్‌సీరిన్, ఫాస్ఫాటిడైల్ ఇథనోలమీన్, ఇనాసిటాల్ ఉన్న మరో భాగం ఉన్నాయని చూపాడు. అదే ఏడాది జర్మనీలో క్లెంక్ గాంగ్లియోసైడ్లను వర్ణించాడు. క్లోరోఫాం రెండు పాళ్ళు, మిథనాల్ ఒక పాలు కలిపి కణజాలం నుంచి కొవ్వులను తీసే ఫోల్క్ పద్ధతి 1957లో అచ్చయింది, నేటికీ నడుస్తోంది. తీసిన ఫాస్ఫోలిపిడ్‌ను కొలవాలంటే అందులోని భాస్వరాన్ని కొలవాలి. ఆ కొలతకు మూలం 1925లో ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో రూపొందించిన నీలిరంగు పరీక్ష. బార్ట్‌లెట్ 1959లో దాన్నే కొవ్వులకు అనువుగా మలిచాడు. ప్రపంచంలో ఏ ప్రయోగశాలలో ఎంత ఫాస్ఫాటిడైల్‌సీరిన్ ఉందో లెక్కగట్టినా దశాబ్దాల పాటు ఆ లెక్క వెనక సుబ్బారావు చేయి ఉంది. ఆయన పేరు తెలుగునాట యాంటీబయాటిక్స్‌తో ముడిపెట్టి చెబుతారు గానీ, ఈ నీలిరంగు దగ్గర చెప్పడం తక్కువ.

ధనావేశపు మందు నీటిలో ఉంది, మెదడు కొవ్వు క్లోరోఫాంలో ఉంది. రెండింటినీ కలిపి కుదిపితే మందు నీటిని వదిలి క్లోరోఫాంలోకి చేరుతుంది. మామూలుగా ఆవేశమున్న అణువు నూనెలోకి పోదు. ఇక్కడ పోవడానికి కారణం, దాని ధనావేశం కొవ్వు రుణావేశంతో జతకట్టడం. జతకట్టాక బయటికి కనిపించేది రెండింటి నూనె భాగాలే. సల్ఫటైడ్‌ను కొలిచే ఒక పాత పద్ధతి పూర్తిగా దీని మీదే ఆధారపడింది. అజూర్ ఎ అనే క్షార రంగును సల్ఫటైడ్ ఎంత మేరకు క్లోరోఫాంలోకి లాక్కుపోతే ఆ కొవ్వు అంత ఉందని లెక్క. పౌల్ ఎర్లిక్ 1878లో మాస్ట్ కణాలను కనిపెట్టింది కూడా ఇలాంటి క్షార అనిలిన్ రంగులతోనే. అక్కడ రంగును పట్టుకున్నది రేణువుల్లోని హెపారిన్, అదీ రుణావేశపు అణువే. హిస్టమిన్ కూడా రేణువులో హెపారిన్, ప్రోటీన్ల రుణావేశాలను పట్టుకునే నిలుస్తుంది. రేణువు బయటి ద్రవానికి తెరుచుకోగానే సోడియం అయాన్లు ఆ చోటులోకి వచ్చి హిస్టమిన్‌ను తప్పిస్తాయని స్టాక్‌హోంలో బోర్యే ఉవ్నాస్ బృందం చూపింది. కాబట్టి ఈ కథలో ఒకే రసాయన సూత్రం మూడు చోట్ల పనిచేస్తోంది: రంగుకీ రేణువుకీ మధ్య, హిస్టమిన్‌కీ హెపారిన్‌కీ మధ్య, మందుకీ పొర కొవ్వుకీ మధ్య. ఈ మూడో చోటునే అసలు కేంద్రంగా తీసుకోవాలని చాలామందికి అనిపించిందంటే ఆశ్చర్యం లేదు.

ఉవ్నాస్ కూడా మొదట అలాగే ఆలోచించాడు. 1957లో హోగ్‌బర్గ్‌తో కలిసి ఆయన ఎలుక పేగుపొరలోని మాస్ట్ కణాలను లెసిథినేజ్ ఎ చెదరగొట్టడం చూశాడు. 48/80 కూడా కణపొరకు అంటుకుని ఉన్న అలాంటి ఎంజైమును మేల్కొలిపి పొర కొవ్వును కోయిస్తుందని ప్రతిపాదించాడు. ఫెల్డ్‌బర్గ్ పాము విషం మీద చెప్పినదానికి ఇది కొనసాగింపు. అయితే 1969లో జాన్సన్, మోరన్ చేసిన పరీక్ష దీన్ని నిలబడనివ్వలేదు. 48/80 తగిలిన కణం నుంచి హిస్టమిన్ వచ్చింది గానీ కణద్రవంలోని ఎంజైములు, పొటాషియం, ఏటీపీ రాలేదు. పొర తెగి ఉంటే అన్నీ రావాలి. విడుదలకు కణం శక్తి ఖర్చు పెట్టాలి, చల్లదనంలో అది ఆగిపోతుంది. అంటే కణం చిరగడం లేదు, సంకేతం అందుకుని తానే రేణువులను బయటికి తెరుస్తోంది. 1977లో మరో ఆధారం వచ్చింది. 48/80ని లోపలికి వెళ్ళలేనంత పెద్ద సెఫరోస్ పూసలకు కట్టి మాస్ట్ కణాలకు తాకించినా హిస్టమిన్ విడుదలైంది. పని జరిగేది పైపొర మీదేనని తేలింది.

ఇక్కడే కొవ్వు సిద్ధాంతానికి అసలు ఇబ్బంది. మెదడు నుంచి తీసిన కొవ్వును క్లోరోఫాంలో కరిగించినప్పుడు లోపలి వైపూ బయటి వైపూ కలిసిపోతాయి. బతికున్న కణంలో అలా ఉండదు. ఫాస్ఫాటిడైల్‌సీరిన్, ఫాస్ఫాటిడైల్ ఇనాసిటాల్ ఫాస్ఫేట్లు దాదాపు అంతా పొర లోపలి వైపుకే పరిమితం. బయటి వైపు ఉండేవి లెసిథిన్, స్ఫింగోమైలిన్, కొద్దిగా గాంగ్లియోసైడ్లు. బయటినుంచి వచ్చే మందుకు, పరీక్షనాళికలో అది అంత గట్టిగా పట్టుకున్న కొవ్వు కనపడనే కనపడదు. నా మటుకు ఆ కాలపు అనేక ఫలితాలను చదివేటప్పుడు మొదట వెతకాల్సింది ఇదే: కొవ్వు పొరగా అమర్చి ఉందా, విడిగా కరిగించి ఉందా, పొరైతే మందు ఏ వైపు ఉంది.

ఇలాంటి కథ హిస్టమిన్ విడుదలకే పరిమితం కాలేదు. 1964లో వూలీ, గొమ్మి ఎలుక జీర్ణాశయపు కండరం నుంచి సియాలిక్ ఆమ్లం తీసేస్తే సెరొటోనిన్‌కు స్పందన పోతుందని, గాంగ్లియోసైడ్లు కలిపితే తిరిగొస్తుందని చూపి, సెరొటోనిన్ గ్రాహకం గాంగ్లియోసైడే అన్నారు. 1970లలో హొరేస్ లోహ్ బృందం మార్ఫిన్ జాతి మందులు మెదడు సెరెబ్రొసైడ్ సల్ఫేటును త్రిమితీయ ఆకారం గుర్తుపట్టినట్టుగా పట్టుకుంటాయని చూపి, ఓపియేట్ గ్రాహకం అదే కావచ్చని వాదించింది. 1980ల చివర సెరొటోనిన్ గ్రాహకాల జన్యువులు, 1992లో ఓపియాయిడ్ గ్రాహకం జన్యువు దొరికాక ఈ వాదనలు వెనక్కి తగ్గాయి. అవన్నీ ప్రోటీన్లు. ఆ పరిశోధకులు చూసిన బంధం అబద్ధం కాదు. కానీ ఒక పదార్థం ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది, అది పట్టుకున్నందువల్ల కణం ఏం చేస్తుందన్నదానికి సమానం కాదు. చాలా మందులకు గట్టి బంధాలు ఏర్పడే చోట్లు శరీరంలో అనేకం, ఫలితమున్నవి కొన్నే.

మాస్ట్ కణాల విషయంలో జవాబు మెల్లగా దగ్గరపడింది. 1985లో నకామురా, ఉయ్ కోరింత దగ్గు బ్యాక్టీరియా విషం 48/80 ప్రభావాన్ని ఆపుతుందని చూపారు. గ్రాహకాల సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే జి ప్రోటీన్లను ఆ విషం నిలిపేస్తుంది. 1988లో మాస్టోపరాన్ ఏ గ్రాహకమూ లేకుండా, ఫాస్ఫోలిపిడ్ బుడగల్లో ఉంచిన జి ప్రోటీన్‌నే నేరుగా ఉత్తేజపరచగలదని హిగాషిజిమా బృందం చూపింది. దాంతో కొంతకాలం ఒక మధ్యేమార్గం నడిచింది: ధనావేశపు పదార్థం పొర కొవ్వులోకి చొచ్చుకొని లోపలున్న జి ప్రోటీన్‌ను తాకుతుందన్నది దాని సారం. పొర గుండా సులభంగా చొచ్చుకుపోగల మాస్టోపరాన్‌కు ఇది కొంత నప్పుతుంది. పూసలకు కట్టిన 48/80కి నప్పదు.

2006లో టాటెమొటో బృందం ఎంఆర్‌జీ కుటుంబపు గ్రాహకాల వైపు వేలు చూపింది. 2015లో జాన్స్ హాప్‌కిన్స్‌లోని షిన్‌జాంగ్ డాంగ్ ప్రయోగశాల నుంచి మెక్‌నీల్ తదితరులు ఎలుకల్లో ఆ కుటుంబపు ఎంఆర్‌జీపీఆర్‌బీ2 గ్రాహకాన్ని తొలగించి చూశారు. 48/80, సిప్రోఫ్లాక్సాసిన్, ఐకాటిబాంట్, అట్రాక్యూరియం కుటుంబపు కండర సడలింపు మందులు ఆ ఎలుకల మాస్ట్ కణాలను కదిలించలేకపోయాయి. మనిషిలో దానికి సమానమైనది ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2. చర్మపు మాస్ట్ కణాల్లో ఇది ఎక్కువగా ఉంటుంది, అందుకే దద్దురు, దురద ముందు చర్మంలో కనిపిస్తాయి. మార్ఫిన్‌కు కూడా ఇది స్పందిస్తుంది. 2017లో లాన్సు తదితరులు దీని మీద చాలా మందులను పరీక్షించి చూపిన ఒక సంగతి నాకు చాలా నచ్చుతుంది. నొప్పి గ్రాహకాన్ని కదిలించలేని కుడిచేతి రూపపు మార్ఫినాన్లు కూడా దీన్ని కదిలించగలవు. మార్ఫిన్ వల్ల దురద వస్తే అది ఓపియాయిడ్ గ్రాహకం వల్లే అని ఖాయం చేసేయకూడదన్న అనుభవానికి అణువు స్థాయిలో కారణం దొరికింది.

2021లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో దీని ఆకారాలు వెలువడ్డాయి. సాధారణ గ్రాహకాల్లో మందు లోతైన గుంతలోకి దిగుతుంది. ఇక్కడ గుంత లోతు తక్కువ, నోరు వెడల్పు. అందులో 164వ స్థానపు గ్లుటామేట్, 184వ స్థానపు ఆస్పార్టేట్ అనే రెండు రుణావేశపు అమైనో ఆమ్లాలు ధనావేశపు అతిథి కోసం నిలబడి ఉంటాయి. అంటే కొవ్వుల్లో దేన్ని చూసి పరిశోధకులు ఆకర్షితులయ్యారో, సరిగ్గా ఆ గుణాన్నే ప్రోటీన్ తనలో అమర్చుకుంది. అందుకే పొంతన లేని అన్ని అణువులు ఒకే గ్రాహకంలో ఇమడగలుగుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే కొవ్వు ప్రయోగాలు రసాయనికంగా సరైన ప్రశ్నే అడిగాయి. రుణావేశపు చోటు కోసం వెతికాయి. చోటు పక్కింట్లో ఉంది.

అంత మాత్రాన కొవ్వు వట్టి గోడగా మిగిలిపోలేదు. ఫాస్ఫాటిడైల్‌సీరిన్ విషయంలో కథ తిరగబడింది. 1971లో టెక్సాస్‌లో ఆండ్రెస్ గోత్ బృందం, ఎలుక మాస్ట్ కణాలకు ఫాస్ఫాటిడైల్‌సీరిన్ కలిపితే ప్రతిజనకం, కాంకనావలిన్ ఎ, డెక్స్‌ట్రాన్ వల్ల జరిగే హిస్టమిన్ విడుదల బాగా పెరుగుతుందని కనుగొంది. 48/80 వల్ల జరిగే విడుదలకు మాత్రం దాని సహాయం అవసరం పడలేదు. అంటే మెదడు కొవ్వు ఇక్కడ మందు లక్ష్యం కాదు, తానే మందులా పనిచేసింది, అదీ ఒక దారిలోనే. 1979లో మార్టిన్, లాగునాఫ్ అసలు పనివాడిని పట్టుకున్నారు. ఫాస్ఫాటిడైల్‌సీరిన్ నుంచి ఒక కొవ్వు ఆమ్లం తెగితే మిగిలే లైసోఫాస్ఫాటిడైల్‌సీరిన్ దానికన్నా వెయ్యి రెట్ల దాకా శక్తిమంతం.

ఇటలీలో ఫీడియా సంస్థ పరిశోధకులు, బ్రూనీ, టొఫానో తదితరులు, ఆవు మెదడు ఫాస్ఫాటిడైల్‌సీరిన్ బుడగలను ఎలుకల నరంలోకి ఎక్కించి జీవక్రియలో మార్పులు గమనించారు. ఆ మార్పులకు దారితీసింది లైసో రూపం, దాని వల్ల విడుదలైన హిస్టమిన్ అని వాళ్ళ సొంత పరిశీలనలే తర్వాత చెప్పాయి. ఇదే కొవ్వు జ్ఞాపకశక్తి మందుగా ఐరోపాలో అమ్ముడైంది. పిచ్చి ఆవు వ్యాధి భయంతో ఆవు మెదడును వదిలి సోయాకు మారారు. సోయా కొవ్వులో కొవ్వు ఆమ్లాల తోకలు వేరు: మెదడు రకంలో పుష్కలంగా ఉండే డీహెచ్‌ఏ ఇందులో లేదు. 2003లో అమెరికా ఎఫ్‌డీఏ మతిమరుపు గురించిన ప్రచారాన్ని అనుమతిస్తూనే, ఆధారాలు చాలా పరిమితం, ప్రాథమికం అని పక్కనే రాయమంది. అమెరికాలో ఉన్న మన కుటుంబాలు పెద్దవాళ్ళకు ఈ సీసాలు పంపే ముందు ఆ రెండో వాక్యం చదవాలి. తిన్న కొవ్వు పేగులోనే చాలావరకు తెగిపోతుంది కాబట్టి ఎలుకల నరంలో చూసిన హిస్టమిన్ ప్రభావం గోళీకి వర్తించదు. అదే కారణంగా ఎలుకల నరంలో చూసిన మేలూ నేరుగా వర్తించదు. దీన్ని అమ్మేవాళ్ళు ఒకదాన్ని చెప్పి మరోదాన్ని దాచడం న్యాయం కాదు.

మెదడుకు ఈ సంగతి ఎంత వరకు తగులుతుంది? మెదడులోనూ మాస్ట్ కణాలున్నాయి. కపాలం కింది డ్యూరా పొరలో ఎక్కువగా, థాలమస్‌లో రక్తనాళాల పక్కన కొంత. హైపోథాలమస్‌లోని ట్యూబెరోమామిల్లరీ కేంద్రకంలో హిస్టమిన్ తయారుచేసే నాడీకణాలు వేరే ఉన్నాయి, మెలకువకు అవి కీలకం. ఆ నాడీకణాలు సంకేతం వచ్చినప్పుడు నాడీరసాయనంగా హిస్టమిన్‌ను వదులుతాయి తప్ప, 48/80కి మాస్ట్ కణాల్లా తెరుచుకోవు. పైగా ఎక్కువ ధనావేశం గల అణువులు రక్తం నుంచి మెదడులోకి దాటలేవు, డ్యూరా పొర ఆ అడ్డుగోడకు బయట ఉంది. అందువల్ల మెదడు కొవ్వుతో పరీక్షనాళికలో చేసిన ప్రయోగాన్ని తలనొప్పికో మతిమరుపుకో వివరణగా తీసుకోవడం పొరపాటు. మెదడు అక్కడ కొవ్వుకు దొరికిన మూలం మాత్రమే, చర్య జరిగే వేదిక కాదు.

వేదిక నిజంగా ఎక్కడుందో చూడాలంటే విడుదలైన తర్వాతి క్షణాలను చూడాలి. రేణువులు తెరుచుకున్నాక మాస్ట్ కణపు బయటి వైపున ఫాస్ఫాటిడైల్‌సీరిన్ బయటపడుతుంది. అనెక్సిన్ వి అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, అందుకే దాన్ని విడుదల కొలతకు వాడుతున్నారు. లోపల దాగిన రుణావేశం ఇప్పుడు నిజంగానే బయట ఉంది. 2001లో జపాన్‌లో హొసొనో తదితరులు, రక్తఫలకికలు విడుదల చేసే ఒక ఫాస్ఫోలైపేస్ ఎ1 ఇలా బయటపడిన ఫాస్ఫాటిడైల్‌సీరిన్‌ను మాత్రమే కోసి లైసో రూపాన్ని తయారుచేస్తుందని, అది ఎలుక మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుందని చూపారు. నాడీ పెరుగుదల కారకం కూడా ఎలుక మాస్ట్ కణాల మీద పనిచేయాలంటే ఈ కొవ్వు తోడు కావాలి. ఆ లైసో రూపాన్ని గుర్తించే గ్రాహకాల్లో జీపీఆర్34 ఒకటి. కానీ మాస్ట్ కణాల్లో ఉన్నది అది కాదనడానికి బలమైన సూచన ఉంది: సీరిన్ బదులు థ్రియొనిన్ ఉంచి తయారుచేసిన లైసో కొవ్వు మాస్ట్ కణాలను గట్టిగా కదిలిస్తుంది, జీపీఆర్34ను కదిలించదు. ఇదంతా ప్రధానంగా ఎలుకల కణాల్లో చూసిన సంగతి. మనిషి చర్మపు మాస్ట్ కణాల్లో, వాంకోమైసిన్ ఎక్కుతున్న సమయంలో, ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 తెరిచిన తలుపుకు ఈ లైసో కొవ్వు ఎంత బలమిస్తుందో కొలవడానికి ఇప్పుడు పనిముట్లన్నీ చేతిలో ఉన్నాయి. ఆ కొలతలో మందును ఏ కొవ్వుతో, పొర ఏ వైపున కలిపారో ప్రతి పట్టికలోనూ రాయాలి.